పిల్లల కాళ్లు పత్తి చేన్లో కట్టేసి ప్రపంచ కప్పు ఎట్ల ఆడుతరు?

ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ దగ్గర పడుతున్నదంటే చాలు, మన పెద్ద పత్రికలకు ఒక దుఃఖం పుట్టుకొస్తది. "140 కోట్ల జనంలో పదకొండు మంది దొరకలేదా?" అని. నాలుగేండ్లకొకసారి వచ్చే ఈ ఏడుపు వినీ వినీ చెవులకు అలవాటైపోయింది. మా మల్దకల్ బస్టాండు కాడి హోటల్లో కూడా ఇదే మాట. ఒకాయన "మనోళ్లకు ఆ తిండి లేదు సార్, ఆ బాడీలే వేరు" అంటడు. ఇంకొకాయన "అంతా క్రికెట్టు మింగేసింది" అంటడు. నేను బడిపంతుల్ని గనుక చివరికి నా దిక్కు తిరిగిండ్రు. "మనం ఎప్పుడు ఆడుతం సార్ వరల్డ్ కప్పు?" ఆ పూట టీ తాగి లేచి వచ్చిన. ఆ ప్రశ్నకు జవాబు ఇప్పుడు రాస్తున్న.

ముందుగాల లెక్క చూద్దాం. 2026 ప్రపంచ కప్పుకు జట్లను 32 నుంచి 48కి పెంచిండ్రు. ఆసియా ఖండానికి నేరుగా 8 స్థానాలు ఇచ్చిండ్రు. తలుపు ఇంత వెడల్పుగా తెరిచినా మన జట్టు గడప కాడికి కూడా పోలేకపోయింది. 2024 మార్చిలో గువాహటిలో, సొంత గడ్డ మీద, అఫ్ఘానిస్తాన్ చేతిలో 1-2తో ఓడింది. యుద్ధాలతో చితికిపోయిన దేశం, సొంత దేశంలో ఆడే గతి కూడా లేని జట్టు! అదే ఏడాది జూన్ 11న దోహాలో ఖతార్ మీద 1-2తో ఓడి ఇంటికొచ్చింది. ఆ ఆటలో బంతి గీత దాటి బయటికి పోయినా లోపలికి లాగి కొట్టిన గోలును రిఫరీ ఒప్పుకున్నాడు. దేశమంతా "అన్యాయం, అన్యాయం" అని గగ్గోలు పెట్టింది. గీత గీసేటోడూ, ఈల ఊదేటోడూ అవతలోళ్ల దిక్కు ఉంటే ఎట్లుంటదో ఆ ఒక్క రాత్రి వాళ్లకు తెలిసొచ్చింది. మనకు తరతరాలుగా తెలుసు.

ప్రపంచ కప్పు సంగతి అట్ల పోనీ. 2027 ఆసియా కప్పుకు కూడా మగవాళ్ల జట్టు అర్హత సంపాదించలేదు. 2025 అక్టోబరు 14న మడ్గావ్‌లో సింగపూర్ మీద 1-2తో ఓడిపోగానే ఆ దారీ మూసుకుపోయింది. నవంబరులో ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో 0-1. ఆ నెలకు ఫిఫా పట్టికలో మన స్థానం 142. రిటైరైన సునీల్ ఛెత్రిని నలభై ఏండ్ల వయసులో మళ్లీ పిలుచుకొచ్చి గోలు కొట్టమని అడిగిన దేశం ఇది. ఆయన తప్పేమీ లేదు, పాపం. ఆయన తర్వాత ఎవరనే దానికి జవాబు లేకపోవడమే తప్పు.

మరి ప్రపంచ కప్పుకు పోయిందెవరు? 2025 అక్టోబరులో కేప్ వర్దె అనే దీవుల దేశం అర్హత సాధించింది. ఆ దేశం మొత్తం జనాభా ఐదు లక్షల చిల్లర. మన జోగులాంబ గద్వాల జిల్లా జనాభా 2011 లెక్కల్లోనే ఆరు లక్షలు. అంటే మన జిల్లా కన్నా చిన్న దేశం! నవంబరులో కురసావో అనే ఇంకా చిన్న దీవి అర్హత సాధించింది. దాని జనం లక్షన్నర. ఆ రెండు దేశాల జట్ల నిండా యూరప్‌కు వలసపోయిన కుటుంబాల పిల్లలే. వాళ్ల తల్లిదండ్రులు కూలికిపోయిన కాడ ఆ పిల్లలకు మైదానం దొరికింది, బంతి దొరికింది, నేర్పేటోడు దొరికిండు. మన పాలమూరు కూలీలు కూడా తరాలుగా వలసపోతున్నరు. బొంబాయికి, పుణెకు, బెంగుళూరుకు. వాళ్ల పిల్లలకు దొరికింది కాంక్రీటు మిక్సరు పక్కన ఇసుక కుప్ప.

అందుకే "140 కోట్లలో పదకొండు మంది" అనే లెక్కే దొంగ లెక్క అంటున్న. ఈ దేశంలో పద్నాలుగేండ్ల లోపల ఎంతమంది పిల్లలకు సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా తమదనే పొద్దు ఉంది? ఆ పొద్దున్న పిల్లల్లో ఎంతమందికి నిలబడి బంతి తన్నేంత జాగ ఉంది? ఆ రెండూ ఉన్నవాళ్లను లెక్కపెట్టండి. అప్పుడు చూద్దాం జనాభా ఎంతో.

పండితులు దీనికి వేరే కారణాలు చెప్తరు. కోచ్ సరిగా లేడంటరు. 2024 జూన్‌లో స్టిమాచ్‌ను తీసేసిండ్రు, మార్కెజ్‌ను తెచ్చిండ్రు. ఏడాదికి ఆయన పోయిండు. 2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్ వచ్చిండు. సమాఖ్య సరిగా లేదంటరు. అది నిజమే. దాన్ని ఇరవై ఏండ్లు ఒక కాంగ్రెస్ నాయకుడు, ఆ తర్వాత పన్నెండేండ్లకు పైగా ఇంకో నాయకుడు ఏలిండ్రు. 2022 ఆగస్టులో ఫిఫానే మన సమాఖ్యను పది రోజులు వెలేసింది. వెలి అనే మాట పెద్దోళ్ల మీద వాడాల్సి వచ్చిన అరుదైన సందర్భం గనుక గుర్తుపెట్టుకున్న.

డబ్బు వస్తే ఆట బాగుపడుతదన్నరు. అదీ చూసినం. 2010లో 15 ఏండ్లకు 700 కోట్ల రూపాయల ఒప్పందంతో ఆట వ్యాపారమంతా అంబానీల వైపు కంపెనీకి అప్పజెప్పిండ్రు. 2014లో సినిమా తారలు, క్రికెటర్లు యజమానులుగా లీగు మొదలైంది. మన హైదరాబాద్‌కు 2019లో ఒక క్లబ్బు వచ్చింది. 2022 మార్చిలో కప్పు కూడా గెలిచింది. ఆ తర్వాత అప్పులు, జీతాల బకాయిలు, ఆటగాళ్ల వలస. 2025లో ఆ క్లబ్బును మూటగట్టి ఢిల్లీకి తీసుకపోయి పేరే మార్చేసిండ్రు. ఊరికి చెందని క్లబ్బు, వాడకు చెందని ఆట. సర్కస్ డేరా లేచిపోయినట్టు లేచిపోయింది. అదే ఏడు ఆ లీగే ఆగిపోయింది, ఒప్పందం గడువు తీరుతుందని. 15 ఏండ్ల ఒప్పందం ముగిసేనాటికి దేశానికి మిగిలింది 142.

ఇప్పుడు అసలు సంగతికి వస్త. బంతి దగ్గర మొదలుపెడత.

ఫుట్‌బాల్ అంటే నిన్నమొన్నటిదాకా తోలు. 1986 ప్రపంచ కప్పులోనే మొట్టమొదట పూర్తి కృత్రిమ బంతి వాడిండ్రు. అంతకుముందు వందేండ్లు ఆటంటే జంతువు తోలు, దాన్ని ఒలిచిన చెయ్యి, లందలో తంగేడు చెక్కా సున్నమూ వేసి నానబెట్టిన చెయ్యి, కుట్టిన చెయ్యి. ఈ దేశంలో ఆ చేతులు ఎవరివో చెప్పాల్నా? 1947 విభజనకు ముందు ఆటవస్తువుల తయారీకి సియాల్‌కోట్ పెద్ద కేంద్రం. విభజన తర్వాత పంజాబ్ ఇవతలి దిక్కుకు వచ్చిన వ్యాపారులు, పనివాళ్లు జలంధర్‌లో, మీరట్‌లో నిలదొక్కుకున్నరు. వ్యాపారం ఎవరిదైనా, జలంధర్ బస్తీల్లో ఇండ్ల కాడ కూర్చొని బంతులు కుట్టిన వాళ్లలో ఎక్కువమంది దళితులు. సియాల్‌కోట్ దిక్కు నుంచే వచ్చిన మేఘ్ కులస్థులు, అక్కడి రవిదాసీలు. ఆడవాళ్లు, పిల్లలు. 32 ముక్కల బంతి: ఇరవై షడ్భుజాలు, పన్నెండు పంచభుజాలు. ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకంలో చెప్పాల్సిన పాఠం ఆ పిల్లలు సూదితో నేర్చుకున్నరు. బంతికింతని కూలి.

1996లో సియాల్‌కోట్ పిల్లలు బంతులు కుడుతున్న ఫొటోలు అమెరికా పత్రికల్లో వచ్చినంక ప్రపంచానికి సిగ్గేసింది. 1997లో అట్లాంటాలో ఒప్పందం రాసుకున్నరు, పిల్లలతో కుట్టించమని. ఆ తర్వాత యంత్రాలు వచ్చినయి. ప్రపంచ కప్పు బంతి ఇప్పుడు సూదితో కుట్టరు, వేడితో అతికిస్తరు. 2014, 2022 ప్రపంచ కప్పుల బంతులు సియాల్‌కోట్ ఫ్యాక్టరీ నుంచి పోయినయి. ఈ ఉపఖండం జట్టు ఏదీ ప్రపంచ కప్పులో ఒక్క ఆటా ఆడలేదు గానీ, మన చేతుల బంతి మాత్రం ఎన్నోసార్లు ఆడింది.

బంతి తర్వాత కాలు. మన ఫుట్‌బాల్ చరిత్ర రాసేవాళ్లకు వట్టి కాళ్లంటే మహా గర్వం. 1911లో మోహన్ బగాన్ జట్టు, ఒక్కరు తప్ప అందరూ వట్టి కాళ్లతో ఆడి, బూట్లేసుకున్న తెల్ల సిపాయిల జట్టును 2-1తో ఓడించి షీల్డు గెలిచింది. జాతీయోద్యమ ఘట్టమని పాఠాలు రాసిండ్రు. గొప్పే, కాదనను. 1948 లండన్ ఒలింపిక్స్‌లో కూడా మనవాళ్లు ఎక్కువమంది బూట్లు లేకుండానే ఫ్రాన్స్‌తో ఆడి 1-2తో ఓడిండ్రు. దానికీ చప్పట్లు. మరి మా తాత కూడా వట్టి కాళ్లతోనే నడిచిండు. పెద్దోళ్ల వీధి వచ్చేసరికి చెప్పులు విప్పి చేతిలో పట్టుకొని నడిచిండు. ఆ చెప్పులు కుట్టింది ఆయనే. వాళ్ల వట్టి కాళ్లు వీరగాథ అయినయి, మా వట్టి కాళ్లు కట్టుబాటు అయినయి. అదే 1911లో పల్వంకర్ బాలూ అనే చమార్ బిడ్డ ఇంగ్లండుకు పోయి ఒక్క పర్యటనలో 114 వికెట్లు తీసిండు. సొంత క్లబ్బులో ఆయనకు టీ విడిగా, మట్టి ముంతలో పోసిండ్రు. హిందూ జట్టుకు కెప్టెన్‌ను చెయ్యలేదు. ఒకే ఏడు, రెండు కథలు. బడి పుస్తకంలోకి ఒకటే ఎక్కింది. (1937 ఎన్నికల్లో ఆ బాలూనే బాబాసాహెబ్ మీద పోటీకి నిలబెట్టిన సంగతి మన పాఠకులకు తెలిసిందే. ఆ కథ ఇంకోసారి.)

"ఆటలో కులమేంది సార్?" అని అడిగే మిత్రులున్నరు. ఆటలో లేదు నాయనా. ఆటదాకా పోయే తొవ్వలో ఉన్నది.

ఆ తొవ్వ ఒకసారి కొంచెం తెరుచుకుంది. తెరిచింది మన హైదరాబాద్‌లోనే, తెరిచినాయన ఒక బడిపంతులే. సయ్యద్ అబ్దుల్ రహీం. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పినాయన. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకూ, దేశం జట్టుకూ శిక్షణ ఇచ్చిండు. పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేండ్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1951లో ఢిల్లీలో ఆసియా క్రీడల బంగారం. 1952లో హెల్సింకీలో యుగోస్లావియా 10-1తో చితకబాదితే, ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరి అయినయి. నాలుగేండ్లకే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు పోయిండ్రు. నాలుగో స్థానం. ఆ జట్టులో హైదరాబాద్, సికింద్రాబాద్ పిల్లలు ఎంతమందో! 1962లో జకార్తాలో లక్షమంది జనం ఎదురు తిరిగి అరుస్తుంటే దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్లీ బంగారం. మరుసటేడు, 1963 జూన్‌లో, క్యాన్సర్‌తో రహీం చనిపోయిండు. అరవై ఏండ్లు దాటినంక, 2024లో, ఆయన మీద హిందీలో సినిమా వచ్చింది.

ఆయన పిల్లలను ఎక్కడి నుంచి తెచ్చుకున్నడు? పాతబస్తీ గల్లీల నుంచి, లష్కర్ బస్తీల నుంచి. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేద ఇంట్లో పుట్టిన తులసీదాస్ బలరాం అట్ల దొరికినోడే. బూట్లు కొనే తాహతు లేక, పోలీసోళ్లు పారేసిన పాత బూట్ల తోలుతో మోచీ దగ్గర ఆట బూట్లు కుట్టించుకున్న సంగతి ఆయనే చెప్పుకున్నడు. ఆ మోచీ పేరు ఏ చరిత్రలోనూ లేదు. ఆ బూట్ల పిల్లవాడు మెల్‌బోర్న్ ఆడిండు, 1960 రోమ్ ఆడిండు, జకార్తా బంగారం తెచ్చిండు. 2023లో చనిపోయేదాకా పద్మశ్రీ రాలేదు. రహీం కాలంలో ఆ పిల్లలకు ఆట వెనక ఒక భరోసా ఉండేది. బాగా ఆడితే పోలీసులోనో, పటాలంలోనో ఉద్యోగం. అన్నం దొరికే ఆట అది. నేను ఆ రోజులను స్వర్ణయుగం అనను. పల్లె వాడల దాకా ఆ తొవ్వ రానే లేదు. కానీ ఒక పంతులు, ఒక మైదానం, ఒక ఉద్యోగం, ఈ మూడు ఒక్క ఊర్లో కలిస్తేనే దేశం ఆసియాలో మొదటి స్థానానికి పోయింది. "బాడీలే వేరు" అనే పెద్దమనిషికి ఇంతకన్నా ఏం చెప్పాలె?

ఇంకో రకం మేధావులున్నరు. "మీ పిల్లలకు పుట్టుకతోనే బలం ఉంటది సార్, మీవాళ్లను దింపితే ఆటే వేరు" అని మెచ్చుకుంటరు. ఈ మెప్పు నాకు వద్దు. మట్టి మొయ్యడానికి పుట్టిన ఒళ్లు అన్నోళ్లే ఇప్పుడు బంతి తన్నడానికి పుట్టిన ఒళ్లు అంటున్నరు. డప్పు దరువుకు అడుగేసే మా పిల్లవాడి కాలిలో సత్తువ రక్తంతో రాలేదు, సాధనతో వచ్చింది. అదే సాధన బంతితో చెయ్యనీయండి అంటున్న, అంతే.

ఇప్పుడు మా మల్దకల్ సంగతి. తిమ్మప్ప జాతర ఊరని బయటోళ్లకు తెలుసు. వ్యవసాయ కంపెనీలకు మాత్రం మా ప్రాంతం సీడు పత్తికి పేరు. గద్వాల, మల్దకల్, అయిజ, ధరూరు చుట్టూ ఎకరాలకు ఎకరాలు హైబ్రిడ్ పత్తి విత్తనం పండిస్తరు. దేశంలో ఎక్కడో రైతు కొనే విత్తనం ప్యాకెట్టు ఇక్కడ ఒక్కొక్క పువ్వును చేతితో ముట్టుకుంటేనే తయారైతది. సాయంత్రం పూట ఆడ మొక్కల మొగ్గలు విప్పి, లోపలి కేసరాలు గిల్లెయ్యాలె. మరుసటి పొద్దున మగపువ్వు తెచ్చి ఆ మొగ్గకు పుప్పొడి అద్దాలె. క్రాసింగ్ అంటరు. ఆగస్టులో మొదలై రెండు మూడు నెలలు రోజూ ఇదే, ఆదివారం లేదు. చిన్న వేళ్లయితే మొగ్గ చితకదని, చిన్న పిల్లలైతే నడుము వంచే పని లేదని, ముఖ్యంగా ఆడపిల్లలైతే మాట వింటరని పిల్లలను పెట్టుకుంటరు. కంపెనీకి, రైతుకు నడుమ ఆర్గనైజరు. ఆర్గనైజరు రైతుకు పెట్టుబడి ఇస్తడు, రైతు కూలి ఇంటికి అడ్వాన్సు ఇస్తడు. అడ్వాన్సు తీసుకున్న ఇల్లు పిల్లను పంపుతది. ఇదీ గొలుసు. పురుగు మందు కొట్టిన చేన్లో, ఆ వాసనలో.

సరిగ్గా అదే కాలంలో బడుల మండల స్థాయి ఆటలు జరుగుతయి. వినాయక చవితికి అటూ ఇటూ.

నా బడిలో ఏడో తరగతి చదివే మా వాడ పిల్ల ఒకామె ఉండె. పేరు రాయను. ఉరుకుడులో మగపిల్లలెవరూ ఆమెను అందుకోలేకపోయేది. మేము నలుగురు టీచర్లం చందాలేసుకొని రెండు బంతులు తెచ్చినం. (వాటి మీద "జలంధర్" అని అచ్చు ఉన్నది.) మా బడికి వ్యాయామ ఉపాధ్యాయుడు లేడు, లెక్కలు చెప్పే నేనే ఈల ఊదేది. మైదానంలో సగం ఏనాడో పోయింది. మిగిలిన సగంలో గోలుపోస్టులకు బదులు రెండు సంచులు. ఆ పిల్ల ఎడమ కాలితో బంతిని ఆపి, వెంటనే కుడి దిక్కు తిప్పి ఎట్ల పోయేదో! ఎవరూ నేర్పలేదు. మండలం ఆటల రోజు పొద్దున పేరు పిలిస్తే లేదు. వాడలోకి పోయి అడిగితే చేనుకు పోయిందన్నరు. చేనుకు పోయిన. వేళ్ల నిండా పచ్చటి పుప్పొడి. నన్ను చూసి భయపడి, "పదకొండింటికి ఐపోతది సార్, ఐపోంగనే ఉరికొస్త" అన్నది. ఆట పదింటికి.

నేను ఏం చేసిన్నో దాచకుండా రాస్తున్న. వెనక్కి వచ్చి, మా జట్టు ఆట మధ్యాహ్నానికి మార్చమని ఆటల నిర్వాహకులను బతిమాలిన. వాళ్లు ఒప్పుకోలేదు. ఆ రాత్రి ఇంటికొచ్చినంక తట్టింది. చేన్లో నిలబడి ఉన్న పిల్లను చూసి నేను అడగాల్సింది ఆట వేళ మార్చమనా? ఇరవై ఏండ్ల నుంచి సభల్లో మాట్లాడే నాకే, ఆ పని వేళ కదలదు, ఆట వేళే కదలాలె అని లోపల నాటుకుపోయి ఉన్నది. ఎంత లోతుకు దిగిందో చూడండి.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలె. ఆ చేను దొరది కాదు. మనోడే, కౌలుకు తీసుకున్నడు, సీడు పత్తి పెట్టిండు. ఇప్పుడు మన వాడలో ఎంతోమంది ఆర్గనైజరు దగ్గర అప్పు తీసుకొని రెండెకరాలు పెడుతున్నరు. పిల్లలు సొంత పిల్లలే. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించి, బడి అయినంక కుటుంబం పనిలో పిల్లలు సాయం చెయ్యొచ్చు అని రాసిండ్రు. క్రాసింగ్‌లో సాయంత్రం పని బడి అయినంకనే కదా! చట్టం రాసినోళ్లకు మొగ్గ ఏ వేళకు విప్పుతరో తెలిసే రాసిండ్రా అనిపిస్తది. మనవాళ్లను తిట్టి లాభం లేదు. విత్తనానికి కంపెనీ ఇచ్చే ధరలో పెద్దవాళ్ల కూలి ఇమడదు, పిల్లల వేళ్లతోనే ఇముడుతది. ధర పెంచమని అడగాల్సింది కంపెనీని. కానీ అప్పుదాకా పిల్లను పంపుతమనే ఇంటితో మనం గొడవ పడాల్సిందే. తియ్యగా అయినా, కటువుగా అయినా.

ఇప్పుడు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టండి. జలంధర్ పిల్ల చేతికి సూది. గద్వాల పిల్ల చేతికి పత్తి మొగ్గ. ఈ దేశానికి మన పిల్లల చేతులు కావాలె, అవి చిన్నగా ఉన్నప్పుడే కావాలె. వాళ్ల కాళ్లతో మాత్రం పని లేదు. సాయంత్రం నాలుగు నుంచి ఆరు అనే పొద్దును ముందుగానే అమ్మేసుకున్న దేశం, ఆ పొద్దులో తయారవ్వాల్సిన జట్టు కోసం ఏడుస్తున్నది.

మగవాళ్ల జట్టు ఇట్లుంటే ఆడపిల్లలు ఏం చేసిండ్రో చూడండి. 2025 జులై 5న థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో థాయ్ జట్టును దాని సొంత గడ్డ మీద 2-1తో ఓడించి, 2026 ఆసియా కప్పుకు అర్హత సంపాదించిండ్రు. క్వాలిఫయింగ్ ఆడి గెలిచి ఆ కప్పుకు పోవడం భారత మహిళల జట్టుకు అదే మొదటిసారి. రెండు గోళ్లూ కొట్టింది సంగీత బాస్ఫోర్. ఆ జట్టులో మన తెలంగాణ బిడ్డ ఉన్నది. సౌమ్య గుగులోతు, నిజామాబాద్ జిల్లా లంబాడి పిల్ల. 2024-25కు దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా సమాఖ్య ఆమెనే ఎంచుకున్నది. తండా నుంచి వచ్చిన పిల్ల క్రొయేషియా క్లబ్బుకు పోయి ఆడొచ్చింది. ఈ సంగతి మా ఊర్లో ఎంతమందికి తెలుసో అడిగిన. బడిలో పిల్లలకు ఒక్కరికీ తెలియదు. క్రికెట్ వేలంలో ఎవరు ఎన్ని కోట్లకు అమ్ముడుపోయిండ్రో అందరికీ తెలుసు. నేను ఆమె ఫొటో పత్రికలోంచి కత్తిరించి ఏడో తరగతి గోడకు అంటించిన.

అదే నిజామాబాద్ జిల్లా నుంచి, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది, పదమూడేండ్లకు. ఆమెకు ముందు మనవాళ్లకు కొండలు ఎక్కే సత్తువ లేదనుకున్నరా? గురుకులంలో మూడు పూటలా తిండి, నేర్పే మనిషి, పనికి పిలవని పొద్దు దొరికినయి. అంతే తేడా. అందుకే గురుకులాలకు సీట్లు ఎన్ని, అద్దె బంగళాల్లో నడిచే వాటికి ఆట మైదానం ఉందా లేదా అనేది నాకు జాతీయ జట్టు కోచ్ ఎవరనే దానికన్నా పెద్ద ఫుట్‌బాల్ వార్త.

చట్టం లేక కాదు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే ప్రతి బడికి ఆట మైదానం ఉండాలని రాసి ఉన్నది. వంద మందికి మించి పిల్లలున్న ప్రాథమికోన్నత బడికి వ్యాయామం నేర్పే మనిషి ఉండాలని రాసి ఉన్నది. అది ఆశ కాదు, హక్కు. ఊరి చివర బోర్డు పాతి, రెండు ఇనుప కడ్డీలు నిలబెట్టి మైదానం అంటే కుదరదు. వాడ నుంచి పిల్ల ఒంటరిగా భయం లేకుండా పోయి రాగలిగిన కాడ ఉండాలె. ఊర్లో మైదానం ఏ దిక్కున ఉన్నదో చూస్తే అది ఎవరి కోసమో తెలిసిపోతది.

హోటల్ కాడ అడిగిన పెద్దమనిషికి నా జవాబు ఇదీ. దేశం జట్టు ప్రపంచ కప్పుకు ఎప్పుడు పోతదో నాకు తేదీ చెప్పరాదు గానీ, ఏ చేన్లో ఆగిపోయిందో చూపిస్త. రమ్మంటే తీసుకపోత. పొద్దున పదకొండు లోపల రావాలె.

క్రాసింగ్ మొదలయ్యే ముందే మండలంలో మన సంఘాలం, టీచర్లం కలిసి సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇద్దామని అనుకున్నం. అర్జీలో మూడు మాటలు రాసినం. ఆ మూడు నెలలు బడి హాజరు పట్టిక ఊరూరా బహిరంగంగా అతికించాలె. ఏ కంపెనీకి ఏ ఆర్గనైజరు ఎన్ని ఎకరాలు పెట్టిస్తున్నడో, ఆ చేన్లలో పద్నాలుగేండ్ల లోపు పిల్లలు ఉన్నరో లేదో వారం వారం చూసి రాతపూర్వకంగా చెప్పాలె. బడి మైదానాల కొలతలు తీసి, పోయిన సగం తిరిగి ఇప్పించాలె. మీ ఊరి బడి మైదానం పాత కొలతలు తెలిసిన పెద్దలుంటే వెంట తోలుకొని రండి. ఎనిమిదో తరగతికి వచ్చిన ఆ పిల్ల కూడా వస్తనన్నది. వాళ్ల నాయన ఇంకా ఒప్పుకోలేదు. ఆదివారం మళ్లీ పోయి మాట్లాడుత.